టీసీ ఇప్పుడే తీసుకోకండి

ప్రశ్న: మేడం గారూ, మాది హనుమకొండ. మా ఆయన ఏసీ మెకానిక్, మొన్న ఎండాకాలంలో మస్కట్ వెళ్ళారు. బాబుకు పదమూడు నిండాయి. ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతి. దసరా సెలవులు అయిపోయినప్పటి నుంచి బడి నుంచి ఒకటే ఫోన్లు. ఇంగ్లీషు టీచర్ మాట అన్నారని పుస్తకం విసిరికొట్టాడు. సోషల్ పీరియడ్‌లో బెంచీ తన్నితే పక్క పిల్లాడి చెయ్యి తెగి కుట్లు పడ్డాయి. వారంలో సగం రోజులు క్లాసు బయట నిలబెడుతున్నారు, రెండుసార్లు ఇంటికి పంపేశారు. ఇంట్లో మాత్రం చెల్లెను బాగా చూసుకుంటాడు, మిక్సీ పాడైతే వాడే విప్పి బాగుచేస్తాడు. లెక్కల సార్ ఇంతవరకు ఒక్క కంప్లైంటూ చెప్పలేదు. శనివారం వచ్చి టీసీ తీసుకెళ్ళమని కరస్పాండెంట్ సార్ చెప్పారు. మా అత్తమ్మ హాస్టల్లో వేస్తే దారికొస్తాడంటుంది. మా అన్నయ్య తన మోటార్ వైండింగ్ షాపులో పెట్టుకుంటానంటున్నాడు. ఇంగ్లండ్‌లో ఉన్న మా ఆడబిడ్డ, అక్కడ ఇలాంటి పిల్లలకు సర్కారే వేరే బడి చూపిస్తుందని చెప్పింది. వరంగల్ చుట్టుపక్కల అలాంటి బడి ఉందా? వాళ్ళ నాన్నను వచ్చెయ్యమని చెప్పాలా? – ఒక తల్లి

సమాధానం: అమ్మా, శనివారం ఎంతో దూరం లేదు కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం. టీసీ కావాలని మీరు దరఖాస్తు రాసి ఇవ్వకండి. వాళ్ళు టైపు చేసి పెట్టిన కాగితం మీద సంతకం కూడా చేయకండి. పిల్లాణ్ణి తీసేశామని ఏ బడీ రాసివ్వదు. 'తల్లిదండ్రుల కోరిక మేరకు' అని రాసి మీ సంతకం తీసుకుంటారు. ఆ తర్వాత ఏ ఆఫీసుకు వెళ్ళినా, మీరే తీసుకెళ్ళారు కదా అనే మాటే వస్తుంది.

2009 విద్యాహక్కు చట్టం పదహారో సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి తీసేయకూడదు. 2019లో ఆ సెక్షన్‌ను సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష తప్పినవాళ్ళను అదే తరగతిలో ఆపడానికి వీలు కల్పించారు తప్ప, బడి నుంచి పంపేయడానికి కాదు. ప్రైవేటు బడులకూ ఇది వర్తిస్తుంది. మీ బడి మైనారిటీ యాజమాన్యానిదైతే మాత్రం లెక్క వేరు. ఆ బడులకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఇంకో సంగతి, మీ బాబు తొమ్మిదిలోకి వెళ్ళాక ఈ రక్షణ ఉండదు. అందుకే ఈ విద్యాసంవత్సరంలో మిగిలిన నెలలు చాలా విలువైనవి. వాటిని కొట్లాటలో పోగొట్టుకోవద్దు.

అట్లని శనివారం గదిలోకి వెళ్ళగానే సెక్షన్ నంబరు చెప్పకండి. ఒక పిల్లాడికి కుట్లు పడ్డాయి. వాళ్ళ అమ్మానాన్నలు రోజూ వచ్చి కరస్పాండెంట్‌ను నిలదీస్తూ ఉంటారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ముప్పై అయిదు మందికి ఒక టీచర్ ఉండాలని చట్టం చెబుతున్నా, సెక్షన్‌కు ఎంతమందిని కుక్కుతారో మీకు తెలియనిది కాదు. అంతమంది మధ్య కోపంతో ఊగిపోయే పిల్లాణ్ణి పట్టుకోవడం ఆ సోషల్ టీచర్‌కు ఎవరూ నేర్పలేదు. మీరు శుక్రవారమే ఆ పిల్లాడి ఇంటికి వెళ్ళిరండి. బాబును వెంట తీసుకెళ్ళకండి, మీరొక్కరే వెళ్ళండి. కట్టు ఎప్పుడు విప్పుతారో అడగండి, మందుల ఖర్చు మీరు పెట్టుకుంటామని చెప్పండి. కాళ్ళావేళ్ళా పడనక్కర్లేదు. శనివారం మాటల తీరు సగం అక్కడే మారుతుంది.

ఇప్పుడు మీ ఆడబిడ్డ చెప్పిన బడి. ఆమె చెప్పింది నిజమే. ఇంగ్లండ్‌లో బడి ఒక పిల్లాణ్ణి శాశ్వతంగా తీసేస్తే, ఆరో బడిరోజు నుంచి వాడికి పూర్తికాలపు చదువు ఏర్పాటు చేయాల్సిన బాధ్యత అక్కడి స్థానిక కౌన్సిల్‌ది. దానికోసం ప్యూపిల్ రిఫరల్ యూనిట్లని చిన్న చిన్న బడులు ఉన్నాయి. మనకు అలాంటి వ్యవస్థ లేదు. వరంగల్‌లోనే కాదు, హైదరాబాద్‌లోనూ సర్కారు చేతిపట్టి తీసుకెళ్ళి చూపించే అలాంటి బడి లేదు. మన దగ్గర ఉన్నవి ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. వాటిని మీరే కలిపి కుట్టుకోవాలి.

అయితే మన నేలమీదా ఒక మంచి పద్ధతి నడిచింది. 1990లలో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు పనిలో ఉన్న పిల్లల కోసం బ్రిడ్జి క్యాంపులు పెట్టారు. పిల్లలు అక్కడ కొన్ని నెలలు ఉండి, వయసుకు తగిన తరగతిలో మామూలు బడిలోకే తిరిగి వెళ్ళేవాళ్ళు. ఆ క్యాంపు బడికి బదులు కాదు, బడికి దారి. మీరు ఎవరితో ఏ ఏర్పాటు మాట్లాడినా ఈ ఒక్క ప్రశ్న అడగండి. వీడు ఇక్కడి నుంచి ఎప్పుడు, ఎక్కడికి తిరిగి వెళ్తాడు? జవాబు లేని చోటికి పంపితే అది చదువుకు ఏర్పాటు కాదు, పిల్లాణ్ణి కళ్ళముందు నుంచి తప్పించడం.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన సంగతిని మీరు మాటవరసకు రాసి వదిలేశారు. గొడవలు ఇంగ్లీషులో, సోషల్లో. లెక్కల్లో లేవు. ఇంట్లో మిక్సీ విప్పి మళ్ళీ బిగిస్తాడు. ఇంగ్లీషు, సోషల్ పీరియడ్లలో సాధారణంగా ఏం జరుగుతుంది? ఒక్కొక్కరినీ లేపి పాఠం పైకి చదివిస్తారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆ పాఠాలు పొడుగవుతాయి, పేర్లు నోరు తిరగవు. చదవడం రాని పిల్లాడు వరసలో తన వంతు దగ్గరికొస్తున్నకొద్దీ ఏదో ఒకటి చేసి బయటపడాలని చూస్తాడు. చదవలేక నలుగురిలో నవ్వులపాలు కావడం కంటే అల్లరివాడు అనిపించుకోవడమే వాడికి మేలు. వీడి విషయం అదేనని నేనిక్కడి నుంచి తేల్చి చెప్పలేను. కానీ ముందు చూడాల్సింది అదే.

ఇంట్లోనే ఒక పని చేయండి. చెల్లె లేనప్పుడు, వాడు కడుపునిండా తిని ఉన్నప్పుడు, ఐదో తరగతి తెలుగు వాచకంలో వాడికి గుర్తులేని పాఠం ఒకటి ఇచ్చి, 'నాకు చదివి వినిపించరా' అనండి. తప్పులు దిద్దకండి, వినండి. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెబుతున్నాడా? 'మందారం' ఉన్నచోట 'మండలం' అంటున్నాడా? ఒత్తులు వదిలేస్తున్నాడా? వేలు పెట్టుకోకపోతే కింది వరసలోకి జారిపోతున్నాడా? తర్వాత అదే పేరా మీరు చదివి, అర్థం అడగండి. విన్నది టకటకా చెప్పేసి, చదివింది మాత్రం చెప్పలేకపోతే బుర్రలో లోపమేమీ లేదు, అడ్డం చదవడం దగ్గరే ఉంది.

ఇంకో మాట. కోపం వస్తే క్లాసు బయట నిలబెడుతున్నారు, ఎక్కువైతే ఇంటికి పంపుతున్నారు. వాడికి కావాల్సింది ఆ పీరియడ్ నుంచి బయటపడటమే అయితే, బడి వేస్తున్న శిక్షే వాడికి దొరుకుతున్న బహుమతి. రేపు మూడు రోజులు సస్పెండ్ చేసినా మూడు రోజులు చదవనక్కర్లేదనే వాడికి తోస్తుంది. అందుకే ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ రోజు, ఏ పీరియడ్, గొడవకు ముందు నిమిషంలో టీచర్ ఏం చెప్పారు, పక్కవాళ్ళు ఏమన్నారు, తర్వాత వాణ్ణి ఏం చేశారు. 'పొగరు', 'మొండి' అని రాయకండి. జరిగింది మాత్రమే రాయండి. పాత గొడవలు కూడా డైరీలో రిమార్కులు చూసి తేదీలు వేయండి. శనివారానికి ఒక పేజీ వచ్చినా చాలు, ఏ సెక్షన్ నంబరుకంటే అది బలంగా మాట్లాడుతుంది.

పరీక్షల సంగతి. ముందు కళ్ళు, చెవులు చూపించండి. నల్లబల్ల కనబడని పిల్లాడు అల్లరి చేస్తున్నాడని మందలించిన బడులు ఎన్నో. తర్వాత వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ చూపించండి. పిచ్చి ఆసుపత్రి అనుకుంటారని మీ అత్తమ్మ అడ్డుపడితే, చదువు పరీక్ష చేయిస్తున్నామని చెప్పండి, అబద్ధమేమీ కాదు. చదవడంలో ప్రత్యేక ఇబ్బందిని నిర్ధారించడానికి క్లినికల్ సైకాలజిస్టు పరీక్ష కావాలి. ఇక్కడ కుదరకపోతే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌కు వెళ్ళి, అక్కడున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీలో అడగండి. రిపోర్టు ఎందుకంటే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవై ఒక్క వైకల్యాల్లో చదవడం, రాయడంలో వచ్చే ఈ ఇబ్బంది కూడా ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు వంటి వెసులుబాట్లు ఆ చట్టంలోనే ఉన్నాయి. పదో తరగతి నాటికి ఆ కాగితం చేతిలో ఉండాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలి. రాత్రిపూట మీకే దిక్కుతోచకపోతే సర్కారు మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

శనివారం బడిలో ఏం అడగాలి? వాణ్ణి క్షమించమని కాదు, ఆరు వారాల ఏర్పాటు ఒకటి కావాలని అడగండి. చెప్పకుండా లేపి చదివించవద్దు, చదివించాలనుకుంటే ఆ పేరా ముందురోజే చెప్పండి, ఇంట్లో నేను చదివిస్తాను అనండి. కోపం ముంచుకొస్తున్నప్పుడు వాడు జామెట్రీ బాక్సు బెంచీ చివర పెడితే, టీచర్ ఏమీ అడగకుండా నీళ్ళు తాగిరావడానికి పంపాలి, ఐదు నిమిషాల్లో వాడు తిరిగి రావాలి. తిరిగి రావడమే ఇందులో అసలు షరతు. గాయపడిన పిల్లాడికి దూరంగా ముందు బెంచీలో సీటు. ఇక లెక్కల సార్. ఆయన ఒప్పుకుంటే రోజూ ప్రేయర్‌కు ముందు రెండు నిమిషాలు వీణ్ణి పలకరించి, సాయంత్రం డైరీలో ఒక గీత గీసిస్తే చాలు. బడిలో ఒక్క పెద్దమనిషి తనవైపు ఉన్నాడని తెలిసిన పిల్లాడు బెంచీలు తన్నే ముందు ఒకసారి ఆగుతాడు. ఇది నేను పనిచేసిన ప్రతి బడిలో చూశాను.

మధ్యాహ్నం దాకే ఉంచుకుంటామని వాళ్ళు అంటే ఒప్పుకోవచ్చు. కానీ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, పూర్తిరోజు మళ్ళీ ఎప్పుడు, ఆ మధ్యాహ్నాల చదువు ఎవరు చూస్తారు అన్నది కాగితం మీద ఉండాలి. తేదీ లేని సగంరోజు సంక్రాంతి దాకా సాగుతుంది, ఆ తర్వాత ఎండాకాలం దాకా. చేతిలో కాగితం ఉన్నప్పుడు కూడా గొడవ ఒకటో రెండో జరుగుతుంది. దాంతో అంతా అయిపోయిందని అనుకోవద్దని వాళ్ళకు ముందే చెప్పండి.

వాళ్ళు ససేమిరా అంటే, అప్పుడు రాతపూర్వకంగా మండల విద్యాధికారికి (ఎంఈఓ), జిల్లా విద్యాధికారికి (డీఈఓ) ఫిర్యాదు ఇవ్వండి, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి ఇవ్వండి. మీ బడి హనుమకొండ జిల్లాలోకి వస్తుందో వరంగల్ జిల్లాలోకి వస్తుందో ముందే చూసుకోండి. 2021లో జిల్లాల పేర్లు, హద్దులు మార్చాక జనం ఈ కలెక్టరేట్ నుంచి ఆ కలెక్టరేట్‌కు తిరగడం మామూలైపోయింది. ఫిర్యాదు మీద మూడు నెలల్లో నిర్ణయం చెప్పాలని చట్టం అంటుంది. అంటే ఫిర్యాదు పెట్టి ఇంట్లో కూచోలేం.

అందుకని రెండో దారి కూడా పక్కనే తెరిచి పెట్టుకోండి. నా ఉద్దేశంలో అది దగ్గర్లోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ముఖం చిట్లించుకున్నారు కదా, తెలుసు. కానీ వినండి. సర్కారు బడిలో ఏడాది మధ్యలోనైనా చేర్చుకోవాలి, వీల్లేదని తిప్పిపంపకూడదు. 2022-23 నుంచి అక్కడ ఇంగ్లీషు మీడియం పుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు. చదవడంలో తడబడే పిల్లాడికి అంతకంటే మేలైన పుస్తకం లేదు. సమగ్ర శిక్ష అనే సర్కారు విద్యా పథకం కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే ఐఈఆర్‌పీలనే రిసోర్స్ పర్సన్లు ఉన్నారు. మీ ప్రైవేటు బడిలో ఉంటే వాళ్ళ సాయం అందడం కష్టం. ముందు ఆ హెడ్మాస్టర్‌ను కలిసి దాచకుండా అంతా చెప్పండి. దాస్తే వారంలో తెలుస్తుంది, మీ మాట మీద నమ్మకం పోతుంది. ఆయన సీటు ఇస్తానన్నాకే పాత బడిలో టీసీకి దరఖాస్తు పెట్టండి. టీసీ వెంటనే ఇవ్వాలి, ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. కాండక్ట్ గడిలో ఏం రాశారో కౌంటర్ దగ్గరే చదవండి. బడిపిల్లల వివరాలుండే సర్కారు యూడైస్ పోర్టల్‌లో పాత బడి పేరు వదిలిందా, కొత్త బడి దాన్ని తీసుకుందా అని వారం తర్వాత ఒకసారి అడగండి. లేకపోతే రికార్డులో మీవాడు బడి మానేసినవాడుగా తేలతాడు.

హాస్టల్ వద్దు. ఈ ఒక్క విషయంలో నేను మీ అత్తమ్మతో గట్టిగా విభేదిస్తాను. తెల్లవారకముందే లేపి స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. చదవడం రాక గొడవ చేస్తున్న పిల్లాణ్ణి రోజంతా పుస్తకం ముందు కూచోబెట్టడమన్నమాట. పైగా వాళ్ళ నాన్న వెళ్ళి ఏడాది కూడా కాలేదు, ఇప్పుడు అమ్మా చెల్లీ కూడా దూరమైతే వాడికి ఏమనిపిస్తుంది? సర్కారు గురుకులాల సంగతైతే మధ్యలో చేరడం కుదిరేది కాదు, ప్రవేశ పరీక్ష రాసి రావాలి. ఇక పిల్లల ప్రవర్తన మారుస్తామని బోర్డులు పెట్టుకున్న ప్రైవేటు కేంద్రాలు. మూడు నెలలు వదిలేయండి, మధ్యలో చూడటానికి రావద్దు అనే చోటు ఏదైనా సరే, అక్కడి నుంచి అటే తిరిగి వచ్చేయండి. మానసిక వైద్యశాలలో చేర్చాల్సి వచ్చినా, మైనర్ వెంట ఇంటివాళ్ళో వాళ్ళు పెట్టిన సహాయకులో చివరిదాకా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పిల్లాణ్ణి దాచిపెట్టి బాగుచేసే వైద్యం లేదు.

మీ అన్నయ్య మాటలో మాత్రం సగం మంచి ఉంది. బడి మాన్పించి షాపులో పెట్టడం నేరం, వాడికి పద్నాలుగు నిండలేదు. బడి అయ్యాకో సెలవుల్లోనో మేనమామ పనిలో, ప్రమాదం లేనంతవరకు, చెయ్యి సాయం చేయడానికి చట్టం అడ్డు చెప్పదు. కాబట్టి ఆదివారం పొద్దున వెళ్ళనివ్వండి. కరెంటు ఉన్న పని వద్దు. కాలిపోయిన మోటార్ నుంచి పాత రాగితీగ విప్పడం, చుట్లు లెక్కపెట్టి కాగితం మీద రాయడం, స్లాట్‌లో ఇన్సులేషన్ కాగితం అమర్చడం వంటివి చేయనివ్వండి. చుట్ల లెక్క రాయాలంటే వాడు అక్షరాలూ అంకెలూ రాయాలి, నవ్వేవాళ్ళు ఉండరు. అదీ చదువే. అయితే వారమంతా బుద్ధిగా ఉంటేనే షాపుకు పంపుతానని బేరం పెట్టకండి. వాడు నిలబడగలిగిన ఒక్కచోటును శిక్షగా లాక్కోవద్దు.

ఆ దారి మీద ముందుకు వెళ్ళాలన్నా ఎనిమిది పాసవ్వాలి. పద్నాలుగు నిండి ఎనిమిది పాసైతే ఐటీఐలో వైర్‌మ్యాన్, వెల్డర్, ప్లంబర్ వంటి ట్రేడ్లకు వెళ్ళొచ్చు. తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి రాయడానికి కూడా పద్నాలుగు నిండాలి. రెండూ మంచివే, కానీ ఇప్పటికి కావు. ఓపెన్ స్కూల్ అంటే రోజూ బడికి వెళ్ళే పని ఉండదు. పొద్దున లేచి వెళ్ళాల్సిన చోటు లేని పిల్లాడు ఫోన్‌తోనో, చౌరస్తాలో పెద్ద పోరగాళ్ళతోనో తిరుగుతాడు. పదికి ముందు ఇంకే దారీ మిగలకపోతే అప్పుడు చూద్దాం.

ఇక వాళ్ళ నాన్న. ఇప్పుడు వచ్చెయ్యమని చెప్పకండి. కాంట్రాక్టు మధ్యలో వదిలి వస్తే అప్పు మీద అప్పు, ఆ కోపమంతా వచ్చి పడేది మళ్ళీ పిల్లాడి మీదే. తన వల్లే నాన్న ఉద్యోగం పోయిందన్న బరువు పదమూడేళ్ళవాడు మోయలేడు. కానీ ఫోన్ల పద్ధతి మార్చండి. రోజూ రాత్రి మీరు ఆయనకు బడి ఫిర్యాదు చెప్పడం, ఆయన అక్కడి నుంచి స్పీకర్‌లో తిట్టడం జరుగుతూ ఉంటే ఆపేయండి. ఫిర్యాదులు మీరిద్దరే, పిల్లలు పడుకున్నాక మాట్లాడుకోండి. మనకు పది అయితే అక్కడ ఎనిమిదిన్నరే. శుక్రవారం ఆయనకు సెలవు ఉంటే, ఆ రోజు బాబుతో ఏసీల గురించి మాట్లాడమనండి. వీడియోలో కంప్రెసర్ విప్పి చూపించమనండి. బడి ఊసు ఎత్తవద్దనండి. ఆయనకు లీవు ఉన్నది ఒక్కసారే అయితే దాన్ని ఏప్రిల్, మే నెలలకు దాచమనండి. తొమ్మిదో తరగతి ఎక్కడ చదవాలన్నది తేల్చేది అప్పుడే. రిపోర్టు, మీ నోటుపుస్తకం ముందు పెట్టుకుని ముగ్గురూ కలిసి తేల్చండి, వాడు కూడా ఆ ముగ్గురిలో ఒకడు.